దూదేకుల, షేక్, సయ్యద్... జనగణనలో తెలుగు ముస్లింల లెక్క ఎలా మారుతూ వచ్చింది?

మన్సూరాబాద్‌లో ఒక ఇల్లు అనుకుందాం. తాత సూర్యాపేట దగ్గర పల్లెలో దూది ఏకి, పరుపులు కుట్టి బతికాడు. కొడుకు ఎల్బీనగర్‌కి వచ్చి ఆటో నడుపుతూ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. మనవరాలు దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి పోతోంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజు, రోజా అన్నీ ఉన్నాయి. పెళ్లి కార్డు మాత్రం ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు. తాతని ఊళ్లో దూదేకుల సాయిబు అనేవాళ్లు. కొడుకు స్కూల్ రికార్డులో పేరు ముందు 'షేక్' అని పడింది. ఇప్పుడు ఎన్యూమరేటర్ తలుపు కొట్టి మతం ఏంటి, కులం ఏంటి, మాతృభాష ఏంటి, పుట్టిందెక్కడ అని అడిగితే ఈ ఇంట్లో ఎవరు ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న ఊరికే వేసుకున్నది కాదు. 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం జనగణనలో కులం కూడా లెక్కించాలని నిర్ణయించింది. అదే ఏడాది జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. దేశంలో చాలా భాగానికి ప్రమాణ తేదీ 2027 మార్చి 1. అంటే 1931 తర్వాత మొదటిసారి, ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్ల కులాన్ని కూడా జనగణనలోనే రాసుకుంటారు. ముస్లిం ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. 'మా దీన్‌లో కులం లేదు గదా' అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది మతపరమైన మాట. సర్కారు అడిగేది మసీదులో ఎవరు ఏ సఫ్‌లో నిలబడతారని కాదు, తరతరాలుగా ఏ పని చేసి బతికారు, ఏ బిరాదరీలో పెళ్లి సంబంధాలు కలుపుకున్నారు అన్నది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి

జనగణన, కులసర్వే, బీసీ జాబితా అన్నవి మూడు వేర్వేరు సంగతులు. జనం వీటిని ఒకటే అనుకుని భయపడతారు, లేదా లేనిపోని ఆశ పెట్టుకుంటారు.

జనగణన కేంద్రం చేసేది. 1948 నాటి జనగణన చట్టం కింద జరుగుతుంది. ఒక ఇంటివాళ్లు చెప్పిన వివరాలు రహస్యం. వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడటానికి కూడా ఆ చట్టం ఒప్పుకోదు. కాబట్టి జనగణనలో ఏదో రాయించినందువల్ల సర్టిఫికెట్ వచ్చేదీ లేదు, ఉన్నది పోయేదీ లేదు. కులసర్వే రాష్ట్రం చేసింది, తన పథకాల కోసం. బీసీ జాబితా ప్రభుత్వ ఉత్తర్వులతో, చట్టాలతో తయారైంది. కుల ధ్రువపత్రం తహసీల్దార్ ఇచ్చేది ఈ మూడోదాన్ని చూసే.

ఇక కాలమ్‌ల కథ. బ్రిటిష్ ఇండియాలో మొదటి జనగణన 1871-72లో జరిగింది. 1881 నుంచి పదేళ్లకోసారి దేశమంతా ఒకే సమయంలో లెక్కించడం మొదలైంది. నిజాం రాజ్యంలో కూడా మొదటి జనగణన 1881లోనే. మన్సూరాబాద్, హయత్‌నగర్ ప్రాంతమంతా అప్పట్లో అత్రాఫ్-ఎ-బల్దా, అంటే నగరం చుట్టుపక్కల నేల. 1901లో జనగణన కమిషనర్‌గా ఉన్న హెర్బర్ట్ రిస్లీ మనుషుల ముక్కు, తల కొలతలు తీసి జాతులు తేల్చొచ్చని నమ్మినవాడు. ఆ రోజుల్లోనే ముస్లింలను అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అని మూడు మెట్లుగా రాయడం, ముఖ్యంగా బెంగాల్ రిపోర్టుల ద్వారా, స్థిరపడింది. బయటి దేశాల నుంచి వచ్చామని చెప్పుకునేవాళ్లు మొదటి మెట్టు. ఇక్కడే చేతిపని చేసుకునేవాళ్లు రెండో మెట్టు. పాకీ పని లాంటివి చేసేవాళ్లు మూడో మెట్టు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక కూడా ఈ మాటలనే తీసుకుని చర్చించింది.

దక్షిణాదిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. నిజాం రాజ్యం గురించి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో అలాంటిదే ఒక పుస్తకం తెచ్చాడు. అవి చదివితే ఒకటి అర్థమవుతుంది: రాసేవాళ్లకి గీత గట్టిగా ఉండాలి, బతికేవాళ్లకి గీత ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. ఉత్తరాదిలో ఒక పాత సామెత ఉండేది. పోయినేడు జులాహాని, ఈ ఏడు షేక్‌ని, ధాన్యం ధర బాగుంటే వచ్చే ఏడు సయ్యద్‌నవుతానని. ఇది ఎగతాళికి పుట్టిన మాటే, కానీ జనగణన అధికారులకి నిజంగానే తలనొప్పి. ఒక దశాబ్దంలో ఒక పేరు కింద జనం తగ్గి ఇంకో పేరు కింద పెరిగితే, చనిపోయిందెవరు, పుట్టిందెవరు, పేరు మార్చుకున్నదెవరు అని ఎలా తేలుతుంది?

1931 తర్వాత పూర్తి కుల లెక్కలు బయటికి రాలేదు. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీల వరకే కులం రాశారు. ముస్లింలు ఎస్సీ కాలమ్‌లో పడే దారి లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, అంతే. అందుకే మెహతర్ పని చేసిన ముస్లిం కుటుంబాలు ఎస్సీ కాకుండా బీసీ-ఏ జాబితాలో కనిపిస్తాయి. 2011లో సామాజిక, ఆర్థిక, కుల గణన అని వేరే జరిగింది గానీ అందులో కుల వివరాలు ప్రచురించలేదు.

దూదేకుల ఎవరు?

తెలుగు ముస్లింల గురించి మాట్లాడితే మొదట వచ్చే పేరు ఇదే. దూది ఏకేవాళ్లు కాబట్టి దూదేకుల. అదే పనికి అరబీలో నద్దాఫ్ అనే మాట ఉంది, అది మన దగ్గర లద్దాఫ్ అయింది. కర్ణాటకలో నదాఫ్ అయింది. పింజారీ అన్నా దూది ఏకేవాడే. కోస్తాలో నూర్‌బాషా అంటారు. నాలుగు పేర్లూ ప్రభుత్వ జాబితాలో ఒకే వరుసలో ఉంటాయి. ఈ కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు. పాత తరంలో హుస్సేనమ్మ, మస్తానమ్మ, పీరమ్మ లాంటి పేర్లు మామూలు. ఇప్పటి పిల్లల పేర్లు వేరే. పేర్లు మారడం కూడా జనం మారుతున్నారని చెప్పే గుర్తే.

ఎంతమంది ఉంటారు? సూటి లెక్క లేదు గానీ పక్కదారిలో కొంత తెలుస్తుంది. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు దాదాపు 69.87 లక్షలు. ఉర్దూ మాతృభాష అని రాయించినవాళ్లు, ఏ మతంవాళ్లైనా సరే, దాదాపు 65.75 లక్షలు. ఉర్దూ రాయించినవాళ్లంతా ముస్లింలే అనుకున్నా, కనీసం 4 లక్షల మంది ముస్లింలు వేరే భాషని మాతృభాషగా చెప్పారన్నమాట. అందులో ఎక్కువ భాగం తెలుగే అయి ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కూడా, ముస్లిం అంటే ఉర్దూ అని రాయించేసినవాళ్లు ఈ 4 లక్షల్లో లేరు. అసలు సంఖ్య ఇంతకంటే పెద్దదే.

ఇక్కడ ఎన్యూమరేటర్ తప్పు ఎంతో, ఇంటివాళ్ల మొహమాటం కూడా అంతే. జనగణన నిబంధన ప్రకారం మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే చనిపోతే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. చదవగలిగిన భాష కాదు, ఇష్టమైన భాష కాదు, మతానికి ముడిపెట్టిన భాష అసలే కాదు. అమ్మీ తెలుగులో జోలపాడితే తెలుగు. దక్కనీలో పాడితే ఉర్దూ. ఒకే ఇంట్లో కోడలికి ఉర్దూ, అత్తకి తెలుగు అని రాయాల్సి రావచ్చు. అలా రాయించడంలో తప్పేమీ లేదు. తెలిసిన మిగతా భాషలు చెప్పడానికి వేరే ప్రశ్న ఉంటుంది.

బీసీ-బి, బీసీ-ఈ: అన్నదమ్ములకి రెండు కాలమ్‌లు

1970లో అనంతరామన్ కమిషన్ సిఫారసుల మీద ఉమ్మడి రాష్ట్రంలో బీసీలను ఏ, బి, సి, డి అని విడగొట్టారు. దూదేకుల బీసీ-బిలో చేరింది. మిగతా వెనుకబడిన ముస్లింలలో చాలామందికి చోటు దొరకలేదు. 2004లో ముస్లింలందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు వచ్చింది, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెచ్చారు, మళ్లీ పోయింది. 'ముస్లింలు' అని మొత్తంగా ఒక మతాన్ని వర్గంగా తీసుకోవడం దగ్గరే చిక్కంతా. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక దారి మార్చింది. మతం కాదు, మతం లోపలి వృత్తి సమూహాలను చూడాలన్నది దాని పద్ధతి. ఆ ఏడాది చట్టంతో బీసీ-ఈ పుట్టింది, 4 శాతంతో.

ఆ జాబితా చదవడం ఒక చిన్న చరిత్ర పాఠం. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీర్లు, గారడీ సాయిబులు, ఎలుగుబంట్లను ఆడించేవాళ్లు, హజామ్‌లు, లబ్బైలు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు, తిరగళ్లకు గంట్లు కొట్టే తురక కాశాలు... ఊరూరా తిరిగి రోళ్లకు కక్కు కొట్టే సాయిబు అన్న మాట ఇప్పటి పిల్లలకి అర్థం కూడా కాదు. మిక్సీ వచ్చి పని పోయింది, పేరు మాత్రం సర్కారు జాబితాలో మిగిలింది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్, నవాయత్ లాంటివాళ్లు ఇందులోకి రారు. వాళ్లలో పేదవాళ్లకి ఈడబ్ల్యూఎస్ దారి ఉంది.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 14 వర్గాలకు కొనసాగించింది, అసలు వివాదాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. 2017లో తెలంగాణ అసెంబ్లీ ఈ కోటాను 12 శాతానికి పెంచుతూ బిల్లు పాస్ చేసింది గానీ అది అమల్లోకి రాలేదు.

మొదట చెప్పిన మన్సూరాబాద్ ఇంటికి అసలు చిక్కు ఇక్కడే. తాత దూదేకుల, అంటే బీసీ-బి. కొడుకు రికార్డులో 'షేక్' పడింది. షేక్ బీసీ-ఈలో ఉంది. మీసేవలో అప్లికేషన్ పెట్టేవాడు ఇంటిపేరు చూసి ఈ అని కొట్టేస్తే, అన్నకి బి, తమ్ముడికి ఈ అయ్యే ప్రమాదం ఉంది. ఉత్తరాదిలో షేక్ అంటే అష్రాఫ్, పై మెట్టు. తెలంగాణలో షేక్ వెనుకబడిన వర్గం. ఒక్క మాటకి రెండు రాష్ట్రాల్లో రెండు అర్థాలు. పేరు ముందు షేక్ ఉన్నంత మాత్రాన కులం షేక్ అయిపోదు. పాత స్కూల్ టీసీ, తండ్రి కుల ధ్రువపత్రం, ఊళ్లో విచారణ కలిపి చూస్తారు. అందుకే తాత కాలం నాటి కాగితం ఒక్కటున్నా లామినేషన్ చేయించి పెట్టుకోవడం మేలు.

ఇంకో సంగతి కూడా చాలామంది కోచింగ్ పిల్లలు ఆలస్యంగా తెలుసుకుంటారు. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. దూదేకుల రెండింటిలోనూ ఉంది. బీసీ-ఈలో ఉన్న ప్రతి పేరూ కేంద్ర జాబితాలో ఉందని మాత్రం అనుకోకూడదు. రైల్వే, బ్యాంకు, యూపీఎస్సీ ఫారంలో ఓబీసీ అని టిక్ పెట్టేముందు కేంద్ర జాబితాలో పేరు చూసుకోవాలి.

2024 సర్వే ఏం చెప్పింది?

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 6 నుంచి ఇంటింటి సర్వే చేసింది. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. దాదాపు 3.54 కోట్ల మంది వివరాలు నమోదయ్యాయి. ముస్లింలు 12.56 శాతం, అంటే సుమారు 44.57 లక్షలు. అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, సుమారు 35.77 లక్షలు. ఓసీ ముస్లింలు 2.48 శాతం, సుమారు 8.80 లక్షలు. అంటే ప్రతి అయిదుగురు ముస్లింలలో నలుగురు తమని బీసీగా రాయించుకున్నారు.

దీన్ని దేశం లెక్కతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. సచార్ కమిటీ 2004-05 నాటి ఎన్‌ఎస్‌ఎస్‌ఓ సర్వేని ఆధారం చేసుకుని దేశంలో ముస్లింలలో 40.7 శాతం ఓబీసీలని చెప్పింది. తెలంగాణలో దానికి దాదాపు రెట్టింపు. జనం మారిపోయారా? కాదు, జాబితా మారింది. 2007కి ముందు ఇదే సర్వే జరిగి ఉంటే షేక్‌లంతా ఓసీ కాలమ్‌లో పడేవాళ్లు.

ఇల్లు కదలలేదు, ఊరు మారింది

మన్సూరాబాద్ ఒకప్పుడు హయత్‌నగర్ పక్కన పల్లె. తర్వాత ఎల్బీనగర్ మున్సిపాలిటీలో కలిసింది. 2001లో ఆ మున్సిపాలిటీ జనాభా సుమారు 2.6 లక్షలు. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను పాత నగరపాలక సంస్థతో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2009లో ఎల్బీనగర్ కొత్త అసెంబ్లీ నియోజకవర్గంగా మొదటిసారి ఓటేసింది. జిల్లా మాత్రం రంగారెడ్డే. పక్కనే మలక్‌పేట హైదరాబాద్ జిల్లా.

దీనివల్ల లెక్కల్లో ఒక వింత జరుగుతుంది. 2001లో హైదరాబాద్ నగరం 36 లక్షల చిల్లర. 2011లో జీహెచ్‌ఎంసీ 67.3 లక్షలు. పదేళ్లలో 31 లక్షల మంది వచ్చిపడ్డారని ఎవరైనా రాస్తే నమ్మకూడదు. నగరం విస్తీర్ణం మూడింతలకు పైగా పెరిగింది, అప్పటికే అక్కడ ఉన్న జనం కొత్త పేరు కింద లెక్కకొచ్చారు. జనాభా శాస్త్రంలో నగరం పెరగడానికి మూడు కారణాలు చెబుతారు: పుట్టుకలు చావుల కంటే ఎక్కువ కావడం, వలస, హద్దులు మారడం. మన్సూరాబాద్ తాత పల్లెలో స్థలం కొని ఉంటే, ఇల్లు కదలకుండానే మున్సిపాలిటీ మనిషి, ఆ తర్వాత మహానగర మనిషి అయ్యాడు.

శాతాలతో కూడా జాగ్రత్త. 2011లో హైదరాబాద్ జిల్లాలో ముస్లింలు 43 శాతం దాటారు. పక్కనే రంగారెడ్డి జిల్లాలో 12 శాతం లోపే. చాదర్‌ఘాట్ నుంచి మన్సూరాబాద్‌కి మారిన కుటుంబం ఇంట్లో ఏమీ మార్చుకోకుండానే, మెజారిటీకి దగ్గరగా ఉన్న చోటు నుంచి చిన్న మైనారిటీగా ఉన్న చోటికి వచ్చినట్టు. ఖబరస్తాన్ ఎక్కడ, ఉర్దూ మీడియం స్కూల్ ఎంత దూరం అనే ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి.

వచ్చిన రోడ్డు పక్కనే కాపురం

1885లో రావెన్‌స్టీన్ అనే భూగోళ శాస్త్రవేత్త బ్రిటన్ జనగణన కాగితాలు చూసి వలసకి కొన్ని సూత్రాలు రాశాడు. ఎక్కువమంది దగ్గరి దూరమే వెళతారు, అంచెలంచెలుగా వెళతారు అన్నవి అందులో ముఖ్యం. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే ఆ సూత్రం కంటికి కనిపిస్తుంది. విజయవాడ హైవే మీద సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ నుంచి వచ్చినవాళ్లు హయత్‌నగర్, వనస్థలిపురం, మన్సూరాబాద్ వైపు దిగారు. సాగర్ రోడ్డు మీద దేవరకొండ, మాల్ వైపు నుంచి వచ్చినవాళ్లు బీఎన్ రెడ్డి నగర్ చుట్టూ స్థిరపడ్డారు. వరంగల్ రోడ్డువాళ్లకి ఉప్పల్. పండక్కి బస్సెక్కి ఊరెళ్లడం సులువుగా ఉండే చోటే ఇల్లు చూసుకున్నారు. ఫ్లోరైడ్ నీళ్లు, ఎండిన బోర్లు తోస్తే, కూలి, చదువు లాగాయి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక అద్దెలు ఏమయ్యాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంకా పాత వలసలు వేరే కారణాలవి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య తర్వాత జిల్లాల్లోని పల్లెల నుంచి ఎన్నో ముస్లిం కుటుంబాలు ప్రాణభయంతో నగరానికి చేరాయి. అంతకుముందు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏసీ గార్డ్స్‌లో నిలిచారు.

2011 జనగణన లెక్కలో దేశంలో దాదాపు 45 కోట్ల మంది వలసదారులు. ఇందులో పెద్ద భాగం పెళ్లయి అత్తారింటికి వెళ్లిన ఆడవాళ్లే. నల్గొండలో పుట్టి మన్సూరాబాద్‌లో కాపురం చేస్తున్న కోడలు కూడా లెక్క ప్రకారం వలసదారే. ఇది వింటే ఆమెకే నవ్వొస్తుంది.

పుట్టుకల సంగతి వాట్సాప్‌లో తిరిగినంత భయంకరంగా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ముస్లిం స్త్రీకి సగటు పిల్లలు 1992-93లో 4.4, 2019-21లో 2.36. అన్ని మతాలు కలిపి తెలంగాణ సగటు 1.8 దగ్గరుంది. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 కావాలి.

మూలాల మీద కూడా ఒక మాట. కొన్ని ముస్లిం సమూహాల డీఎన్‌ఏని పరిశీలించిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అందులో ఉన్నారు. పశ్చిమాసియా ఛాయలు కొన్ని సమూహాల్లో కొద్దిగా కనిపించినా, ప్రధాన మూలం మాత్రం చుట్టుపక్కల ఉండే ముస్లిమేతరులదే అని తేలింది.

లెక్కకి ఎవరు వస్తారు?

గల్ఫ్‌లో ఉన్న కొడుకు గురించి అమ్మలు తప్పకుండా అడుగుతారు. జనగణన దేశంలో ఉన్నవాళ్లది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కించారు. ఆ రోజులన్నీ దుబాయ్‌లోనో జిద్దాలోనో ఉన్నవాళ్లు జనాభాలో చేరలేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదివే పిల్లని అక్కడే, హాస్టల్ లెక్కలో రాస్తారు. సూర్యాపేటలో అబ్బాజాన్ మళ్లీ ఆమె పేరు చెబితే రెండుసార్లు పడుతుంది. కాన్పుకి పుట్టింటికి వెళ్లి ఆ రోజుల్లో తిరిగొచ్చే కోడలిని అత్తారింట్లో రాయించొచ్చు.

ఎన్యూమరేటర్ వచ్చేసరికి మగవాళ్లు పనిలో ఉంటారు. తలుపు తీసేది ఆడవాళ్లే. కాబట్టి మాతృభాష, బిరాదరీ పేరు, పుట్టిన ఊరు ఏం చెప్పాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. బిరాదరీ పేరు తాత సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే చెప్పాలి. ఇంట్లో వాళ్లంతా ఒకేలా చెప్పాలి. లద్దాఫ్ అని ఉంటే లద్దాఫ్, నూర్‌బాష్ అని ఉంటే నూర్‌బాష్. రాశాక ఒకసారి చదివి వినిపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. కులం దగ్గర 'ముస్లిం' అని ఒక్క మాట రాసి వెళ్లిపోతుంటే, అది మతం కాలమ్‌లో ముందే రాశారు కదా అని గుర్తు చేయొచ్చు.